కట్టినవాడు చూడని కళామందిరము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. ఒక కుటుంబము తలదాచుకొను ఇంటికే ఇంత మాట పుట్టినచో, ఒక నగరము తన కళలకై కట్టుకొను మందిరము సంగతి వేరుగా చెప్పవలెనా? ఆస్ట్రేలియాలోని సిడ్నీ ఒపేరా భవనము ఇందులకు ప్రబల నిదర్శనము. ఒపేరా యనగా ఆద్యంతము గానముతో నడచు నాటకము. మన యక్షగానమునకు దూరపు బంధువు అనవచ్చును.

సిడ్నీ రేవులో, నీటిలోనికి చొచ్చుకొనిపోయిన బెన్నెలాంగ్ పాయింట్ అను నేలకొనపై ఈ భవనము నిలిచియున్నది. దూరమునకు దాని కప్పులు గాలి నిండిన తెరచాపలవలె తోచును. దగ్గరకు పోయినచో ఆ తెలుపు ఒక్క తెలుపు కాదని తెలియును. నిగనిగలాడు తెల్లనివియు, మెరుపు లేని మీగడరంగువియు కలసి, స్వీడన్ దేశమున చేసిన పది లక్షలకు పైబడిన పింగాణి పెంకులు దానిని కప్పియున్నవి. ఎండ మారినకొలది కప్పు ఛాయ మారుచుండును.

ఈ రూపమును భావించినవాడు డెన్మార్కు దేశపు వాస్తుశిల్పి యోర్న్ ఉట్జన్. అంతర్జాతీయ పోటీకి వచ్చిన 200కు పైగా నమూనాలలో ఆయనది 1957లో ఎన్నికయ్యెను. గీయుట ఒక ఎత్తు, నిలబెట్టుట ఒక ఎత్తు. ఆ వంపులను కట్టు ఉపాయము ఏండ్ల తరబడి దొరకలేదు. తుదకు 1961లో, కప్పులన్నియు ఒకే గోళమునుండి కోసిన ముక్కలని భావించుటతో చిక్కు విడెను. వంపు ఒక్కటే కనుక, కాంక్రీటు భాగములను అచ్చులలో పోసి కూర్చుటకు వీలు కలిగెను. గోళమును గూర్చి పాఠము చెప్పు ఉపాధ్యాయునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకుట అరుదు.

ఈలోగా కాలమును వ్యయమును పెరిగెను. 1959లో మొదలై 1963 నాటికి ముగియవలసిన పని 1973 వరకు సాగెను. 70 లక్షల డాలర్ల అంచనా 10 కోట్ల 20 లక్షలకు చేరెను. అందు అధికభాగము లాటరీ చీట్లు కొన్న సామాన్యుల ధనము. 1965లో ప్రభుత్వము మారెను. క్రొత్త పాలకులతో పొసగక, 1966లో ఉట్జన్ పని విడిచి ఆ దేశమునుండి వెడలిపోయెను. లోపలి భాగములను ఇతరులు పూర్తిచేసిరి. పెద్దశాల సంగీత కచేరీలకు పోగా, భవనమునకు పేరిచ్చిన ఒపేరా చిన్నశాలలో సర్దుకొనవలసివచ్చెను.

ప్రజాధనమునకు లెక్క అడుగుట తప్పు కాదు, అడుగకుండుటయే తప్పు. కాని లెక్క అడుగుట వేరు, శిల్పిని పోగొట్టుకొనుట వేరు. ఎన్నుకొనుటలో అసామాన్యమైన సాహసము చూపినవారికి, ముగించుటలో అంతటి ఓర్పు లేకపోయినది. ఆ లోటును నేటికిని ఆ శాలలు మోయుచున్నవి.

1999లో ఆ భవనమువారు మరల ఉట్జన్ సలహా కోరిరి. ఆయన తీర్చిన గది ఒకటి 2004లో ఆయన పేరిట తెరువబడెను. 2007లో యునెస్కో ఈ భవనమును ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించెను. మరుసటి యేడు ఆయన గతించెను. పూర్తియైన తన కట్టడమును ఆయన కన్నులార చూడనేలేదు.

వేరొక సంగతియు స్మరింపదగినది. 1973లో రాణి ఎలిజబెత్తు ఈ భవనమును ప్రారంభించుటకు 13 ఏండ్ల ముందే, 1960లో, నల్లజాతి అమెరికన్ గాయకుడు పాల్ రోబ్సన్ ఇచట పాడెను. వినినవారు పరంజాలపై పనిచేయుచున్న కూలీలు. గోడలు లేవకమునుపే ఆ తావు కళామందిరమైనది.

విద్యార్థులారా, ఎంతటి కట్టడమును చూచినను శిఖరమును మాత్రమే చూచి మరలకుడు. దానిని కలగన్నవాడు ఎవడు, రాయి మోసినవాడు ఎవడు, మూల్యము చెల్లించినవాడు ఎవడు అని అడుగుడు. చరిత్ర పాఠము అచటనే మొదలగును.