పిన్నుల వైపు చూడొద్దు

ఆదోని, ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మా బ్యాచ్‌కి హైదరాబాద్ మాల్‌లో బౌలింగ్ అంటే బలప్రదర్శన. అన్నిటికన్నా బరువైన బాల్ ఎత్తి విసరడం, అది గట్టర్‌లోకి పోతే "మనూళ్లో లేన్ లేదు కదప్పా, మనకెట్ల వస్తాది?" అనడం. ఈ సాకు నేను ఒప్పుకోను.

గీత దగ్గర్నుంచి ముందు పిన్నుకి 60 అడుగులు. అంత దూరానికి గురి కుదరడం కష్టం. అందుకే దాదాపు 15 అడుగుల్లో లేన్ మీద బాణం గుర్తులుంటాయి. చూపు వాటి మీదే పెట్టాలి. చెయ్యి గడియారం లోలకంలా భుజం నుంచి వదులుగా ఊగాలి, వేగం బాల్ బరువే ఇస్తుంది. కుడిచేతి వాళ్లయితే ముందు పిన్నుకీ, దాని వెనక కుడిపక్క పిన్నుకీ మధ్య సందులో కొట్టాలి. నడిమధ్య కొడితే రెండు పక్కలా చెరొకటి మిగిలి వెక్కిరిస్తాయి.

ఒక గేమ్‌లో మహా అయితే 21 సార్లు విసురుతాం. డబ్బు కట్టి, ఆ కాసేపట్లో చెయ్యి ఊపడం నేర్చుకోవడమేంటి? నాలుగడుగులు నడిచి, ఎడమకాలి మీద ఆగి, లీటరు నీళ్ల బాటిల్‌తో చెయ్యి ఊపడానికి హాస్టల్ కారిడార్ చాలు. బాటిల్ మూత మాత్రం గట్టిగా బిగించండి. మాల్‌కి పోయినరోజు తేలికైన బాల్ తీసుకోండి, ఎవరు నవ్వినా సరే.