ఎస్టిమేషన్ కాగితంలో ఆరో లైన్



పోయిన నెల భాంజీ నికాహ్ పనుల కోసం సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు నాలుగైదు సార్లు తిరిగాం. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గర ముందు ఎడమ చక్రం వైపు నుంచి టక్, టక్ అని చప్పుడు. అమ్మీ అయితే "డిక్కీలో ఏదో దొర్లుతోంది బేటా, చూడు" అంటూనే ఉంది. డిక్కీలో వలీమాకు తెచ్చిన దేగ్చీలు తప్ప ఏమీ లేవు.

షోరూంలో చూపిస్తే ఎస్టిమేషన్ ఇచ్చారు: 48,600 రూపాయలు. ముందు షాకబ్జర్లు రెండు, వెనుకవి రెండు, మౌంట్లు, లింక్ రాడ్‌లు, లోయర్ ఆర్మ్‌లు రెండు, టై రాడ్ ఎండ్‌లు, లేబర్, అలైన్‌మెంట్. "మొత్తం అరిగిపోయింది సార్, సేఫ్టీ కదా" అన్నాడు సర్వీస్ అడ్వైజర్. పెళ్లి ఇంట్లో 48 వేలంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? అబ్బాజాన్ కాగితాన్ని మడిచి షేర్వానీ జేబులో పెట్టుకుని, "నికాహ్ అయ్యాక చూద్దాం" అన్నారు.

వలీమా అయిన మూడో రోజు కోదాడలో మాకు పాత జాన్‌పహచాన్ ఉన్న ఉస్తాద్ షెడ్డుకు తీసుకెళ్లాను. ఆయన బండిని జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. గడ్డపారతో లోయర్ ఆర్మ్‌ను ఎత్తి చూశాడు. తర్వాత నా ముఖం చూసి, "ఈ బాల్ జాయింట్‌తో హైవే మీద ఎనభైలో వచ్చారా భాయ్? ఘర్‌వాలోంకో లేకర్?" అన్నాడు. బాల్ జాయింట్ ఊడితే చక్రం లోపలికి మడతపడుతుంది, స్టీరింగ్ చేతిలో ఉన్నా లేనట్టే. ఎడమ ఆర్మ్ మార్చాడు. ముందు షాకబ్జర్లలో ఒకటి నూనె కారుస్తోంది, కాబట్టి జోడీగా రెండూ మార్చాడు. లింక్ రాడ్‌లు రెండూ కొత్తవి. వెనుక షాకబ్జర్లు, కుడి ఆర్మ్, టై రాడ్‌లు బాగానే ఉన్నాయని, నా చేతికే ఇచ్చి ఊపించాడు. లేబర్, అలైన్‌మెంట్ కలిపి హిసాబ్ 14,800.

ఇక్కడ చాలామంది "చూశావా, షోరూం వాళ్లు లుటేరే" అని కిస్సా ముగిస్తారు. నాకు అంత యకీన్ లేదు. ప్రాణం తీసే ఆ బాల్ జాయింట్ ఉన్న లోయర్ ఆర్మ్ షోరూం కాగితంలో కూడా ఉంది, ఆరో లైన్‌లో. కానీ దాని పక్కన ఏ నిషానీ లేదు. ఈ రోజే మార్చాల్సింది, ఆరు నెలలు ఆగినా నుక్సాన్ లేనిది, అసలు అవసరమే లేనిది, అన్నీ ఒకే సైజు అక్షరాల్లో ఒకే వరుసలో ఉన్నాయి. మొత్తం చూసి భయపడి మేం మొత్తాన్నీ వాయిదా వేశాం. నా షికాయత్ ధర మీద కంటే దీని మీదే ఎక్కువ. పెద్ద అంకె మనిషిని సేఫ్టీకి దగ్గర చేయదు, దూరం చేస్తుంది. ఆ బండిలో దుల్హన్‌ను తీసుకెళ్లాం.

కాబట్టి కౌంటర్ దగ్గర ఇజ్జత్ పోతుందని మొహమాటపడకండి. బండిని లిఫ్ట్ మీద పెట్టి ఏది ఊగుతోందో చూపించమనండి. ఇవాళ ఏది, తర్వాత ఏది అని కలంతో రాయించుకోండి. మార్చిన పాత పార్టులు వెనక్కి అడగండి. కొన్ని బండ్లకు ఆర్మ్ మొత్తం మార్చనక్కర్లేదు, ప్రెస్ మీద బుష్ ఒక్కటే మార్చవచ్చు, అదీ అడగండి. 28 శాతం జీఎస్టీ ఉన్న కారు పార్టులు 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి వచ్చాయి. పాత రేటు ఎస్టిమేషన్ జేబులో ఉంటే కొత్తది తీయించుకోండి.

పార్టులు బయట దొరక్కుండా చేయడం కూడా పాత ఆటే. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద కలిపి 2,544 కోట్ల జుర్మానా వేసింది. అసలు స్పేర్ పార్టులు, స్కానర్ లాంటి పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా ఆపుతున్నారన్నది ఇల్జామ్. తర్వాత అప్పీళ్లు, కోర్టులు, అదో లంబీ దాస్తాన్. మీకు బిల్లులో ధోకా జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కానీ అక్కడికి వెళ్లాలంటే చేతిలో కాగితం ఉండాలి.

ఆ కాగితం దగ్గరే మన ఉస్తాద్‌లతో నాకు ఝగడా. మూడు ఊళ్లలోనూ షెడ్డుల్లో ఎక్కువగా మనవాళ్లే. వరి లోడు, సిమెంట్ లోడు మోసే లారీల కింద పడుకుని నేర్చుకున్న హునర్ అది, ఏ కాలేజీలోనూ దొరకదు. కానీ బిల్లు అడిగితే క్యాలెండర్ చింపి వెనకాల అంకెలు వేసిస్తారు. పార్ట్ అసలుదా, లోకల్‌దా అంటే "భరోసా రఖో భాయ్" అంటారు. భరోసా ఉంది, అందుకే వచ్చాం. రేపు ఆ ఆర్మ్ నెలకే పోతే భరోసాను ఏ దుకాణంలో రిటర్న్ ఇవ్వాలి? పార్ట్ డబ్బా మీద కంపెనీ పేరు, ధర కస్టమర్‌కు చూపించడానికి ఖర్చేమీ లేదు. షోరూం గ్లాసు తలుపు చూసి షెడ్డు వైపు రావడానికి జంకే కొత్త కుర్రాళ్లకు కావలసింది కూడా అదే.

ఇంకోటి. జాకీ పట్టుకున్న షాగిర్ద్‌కు పద్నాలుగేళ్లు ఉంటాయేమో. పది పాసైతే ఐటీఐలో రెండేళ్ల మోటార్ మెకానిక్ ట్రేడ్ ఉందని, స్కానర్ నేర్చుకుంటే ఈ షెడ్డుకే రౌనక్ వస్తుందని ఉస్తాద్‌తో అన్నాను. "వాడి అబ్బాతో మీరే మాట్లాడండి, నా మాట వినడు" అన్నాడు. వాళ్ల ఇల్లు హుజూర్‌నగర్ రోడ్డులోనేనట. వచ్చే ఇత్వార్ అలైన్‌మెంట్ మళ్లీ చెక్ చేయించడానికి ఎలాగూ వెళ్లాలి, అప్పుడు వెళ్తాను. బిల్లు బుక్కు కూడా నేనే కొని తీసుకెళ్తున్నాను, డెబ్భై రూపాయలు.