చెరసాలకు వెళ్లి నేర్చుకొను చదువు



సోషియాలజీలో ఎమ్.ఏ. చదువుచున్న కుమార్తె ఈసారి వేసవి సెలవులకు ఇంటికి రాకుండ, జైళ్లలోని వారిని గూర్చి నెలరోజులు పరిశోధన చేయుటకు వెళ్తానన్నదని, ఏమి చేయమందురని ఒక తల్లిదండ్రులు మమ్మును అడిగిరి. "పిల్ల జైలుకు వెళ్లిందని ఊళ్లో తెలిస్తే సంబంధాలు వస్తాయా అయ్యగారూ?" అని తల్లి దిగులు. తండ్రికి ఖర్చుల దిగులు. పట్నములో పెద్ద చదువులు చదువుచున్న పిల్లలు నేడు మన పల్లె సంఘములన్నిటిలోను ఉన్నారు గనుక ఈ నెల ఆ సంగతియే వ్రాయుచున్నాము.

ఇంటర్న్‌షిప్ అను మాట కొత్తదే గాని పని కొత్తది కాదు. బి.ఇడి. చదువు మన పిల్లలు బడికి వెళ్లి పాఠములు చెప్పి నేర్చుకొనుట లేదా? ఇదియు అట్టిదే. సోషియాలజీ అనగా మనుష్యులు కూడి బ్రదుకు తీరును పరిశీలించు శాస్త్రము. క్రిమినాలజీ అనగా నేరము ఎందుకు జరుగుచున్నది, నేరము మోపబడిన వానికి ఆ తరువాత ఏమగుచున్నది అని అడుగు శాస్త్రము. ఇది పోలీసు ఉద్యోగపు తర్ఫీదు అని చాలమంది అనుకొందురు. కాదు. దొంగను పట్టుకొనుట ఈ పిల్లల పని కాదు. పట్టుబడినవాడు ఎవడు, వాని ఇంట ఎవరున్నారు, వాని తరపున మాటలాడువాడు ఉన్నాడా లేడా అని తెలిసికొని వ్రాయుటే వారి పని.

అందు వ్రాయవలసినది ఎంతో కలదు. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క ప్రకారము 2022 చివర మన దేశపు జైళ్లలో 5,73,220 మంది యుండిరి. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అనగా నూటికి 75 మందికి పైగా ఇంకను నేరము రుజువు కానివారే! "జైల్లో ఉన్నాడంటే ఏదో చేసే ఉంటాడు" అని మన అరుగుల మీద సులువుగా అనేస్తాము. ఈ లెక్క చూచినయెడల ఆ మాట నోట రాదు.

చట్టము లేకపోలేదు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారము, తన మీద మోపబడిన నేరమునకుగల గరిష్ఠ శిక్షలో సగకాలము జైలులో గడిపిన విచారణ ఖైదీని బెయిలు మీద విడువవలెను. మునుపెన్నడును ఏ నేరమునకును శిక్ష పడనివాడైతే మూడవవంతు చాలును. మరణశిక్షగాని యావజ్జీవముగాని పడదగిన నేరములకు ఇది వర్తించదు, వేరే కేసులున్న వారికిని వర్తించదు. బెయిలు వచ్చియు జామీను ఇచ్చు దిక్కులేక లోపలనే ఉండిపోవు పేదలకు 40,000 రూపాయల వరకు సాయము చేయు పథకమును కేంద్ర ప్రభుత్వము 2023లో తెచ్చినది. అయితే చట్టము పుస్తకములో ఉండును, డబ్బు ఖాతాలో ఉండును, మనిషి గదిలో ఉండును. ఈ మూటిని కలుపు మనిషి కావలెను. రిజిస్టరులో తేదీలు చూచి, ఈయనకు సగకాలము ఎప్పుడో నిండినదే అని లెక్కగట్టి చూపు పని ఒక విద్యార్థిని చేయగలదు. ఇంటివారికి కబురే అందలేదని కనిపెట్టుట కూడ అట్టి పనియే.

విద్యార్థుల పని ఎంతదూరము పోవునో ఒక ఉదాహరణ చెప్పెదము. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము వారు 2013లో మరణశిక్ష పడిన ఖైదీలను గూర్చి పరిశోధన ఆరంభించిరి. విద్యార్థులే రాష్ట్రము వెంట రాష్ట్రము తిరిగి, జైళ్లలో ఖైదీలతోను, వారి ఇండ్లకు వెళ్లి కుటుంబములతోను మాటలాడిరి. 385 మందిలో 373 మంది సంగతులు 2016లో వెలువడిన నివేదికలోనికి ఎక్కినవి. వారిలో నూటికి 74 మంది ఆర్థికముగా బలహీనులని తేలినది. ఉరిశిక్ష ఉండవలెనా వద్దా అని ఇక్కడ మేము తీర్పు చెప్పబోవుట లేదు. అయితే ఈ సంగతి ఎవరైన వెళ్లి అడిగితేనే గదా తెలిసినది.

పుస్తకముతో బాటు వీధికి పంపి నేర్పు ఈ పద్ధతిలో మనకు కొంత పాలు కలదని మన వారిలో చాలమందికి తెలియదు. క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అను అమెరికా మిషనరీ బొంబాయిలోని నాగ్‌పాడా పేటలో శ్రామిక కుటుంబముల మధ్య పనిచేసెను. 1936లో అక్కడ సామాజిక సేవా విద్యకై ఒక పాఠశాల నెలకొల్పబడగా ఆయనయే దానికి మొదటి డైరెక్టరు. అదియే నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. ఆ సంస్థ 1990లో ఆరంభించిన 'ప్రయాస్' అను కార్యక్రమము నేటికిని జైళ్లలోని వారికి, విడుదలైన వారికి తోడుగా పనిచేయుచున్నది.

మన పాలు అనినప్పుడు రెండవ వైపు కూడ చెప్పవలెను. 1871 నాటి నేరస్థ తెగల చట్టమును 1911లో మద్రాసు రాజధానికి విస్తరించి, కొన్ని కులములను పుట్టుకతోనే నేరస్థులని బ్రిటిషువారు నమోదు చేసిరి. బాపట్ల దగ్గరి స్టువర్టుపురము ఆ విధముగా ఏర్పడినదే. ఎరుకల కుటుంబములను అక్కడ ఉంచి, ఆ సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీకి అప్పగించిరి. కావలిలోని సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపినది. మిషనరీలు బడి పెట్టిరి, పని చూపిరి. నిజమే. అయినను హాజరు పిలుపులకు నిలువబడవలసిన మనిషికి, అనుమతి లేనిదే ఊరు దాటలేని మనిషికి ఆ బడి ఎట్లు కనబడి యుండునో ఆలోచించుడి. ఎరుకలవారు ఒకప్పుడు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యము మోసి ఊరూర అమ్ముకొను వర్తకులనియు, రైళ్లును ప్రభుత్వపు ఉప్పు విధానమును వారి వర్తకమును దెబ్బతీసెననియు మీనా రాధాకృష్ణ అను పరిశోధకురాలు 2001లో వెలువడిన తన గ్రంథములో చూపెను. చట్టము 1952లో రద్దయినది. ఆ ఊరి పేరు చెప్పగానే నవ్వుటయు, జేబు తడుముకొనుటయు మాత్రము రద్దు కాలేదు, మన సంఘములలో కూడ. ఒకరు దస్తావేజులు వెదకి వ్రాయకపోతే 'వాళ్ల రక్తమే అంత' అను మాటకు ఎదురు చెప్పు ఆధారము మన చేతిలో ఉండెడిది కాదు.

ఇక తల్లిదండ్రులు అడుగవలసినవి. మొదటిది, ఎవరి చేతిక్రింద పని? యూనివర్సిటీలో గైడు ఎవరు, అక్కడ బాధ్యుడు ఎవరు అను సంగతి కాగితము మీద ఉండవలెను. జైలులోనికి ఎవరంటే వారు పోలేరు. 2015లో కేంద్ర హోంశాఖ పరిశోధకుల ప్రవేశమును గూర్చి గట్టి నియమములు పంపినది. కాబట్టి ముందుగా అనుమతి కోరవలెను, చాలమందికి ఆ నెలంతయు గ్రంథాలయములోను కోర్టు వరండాలోను గడచును. అదియు పనియే. ఢిల్లీలోని జాతీయ మానవహక్కుల కమిషను వేసవిలోను శీతకాలములోను నాలుగేసి వారముల ఇంటర్న్‌షిప్ నడుపుచు, విద్యార్థులను జైలుకు, పోలీసు ఠాణాకు తీసికొనిపోయి చూపుచున్నది. దరఖాస్తు చేయుటకు ముందు ప్రయాణము, బస, భోజనము ఎవరివో స్పష్టముగ అడుగుడి. సర్టిఫికెట్టు ఇచ్చుటకు ముందే ఫీజు కట్టుమను వారిని మాత్రము నమ్మకుడి. పని నేర్పక కాగితము అమ్ముకొనువారు ఈ రోజులలో మిక్కుటముగా ఉన్నారు. దీని తరువాత నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చి ఫెలోషిప్ సాధించినయెడల, 2023 నుండి నెలకు 37,000 రూపాయలు ఇచ్చుచున్నారు. సోషియాలజీ, క్రిమినాలజీ రెండును ఆ పరీక్షలో ఉన్న సబ్జెక్టులే. తండ్రిగారి దిగులుకు ఇది కొంత జవాబు.

పిల్లలతో కూడ ఒక మాట. ఎదుటి మనిషి ఇష్టపడి చెప్పినదే వ్రాయవలెను. చెప్పను అనుటకు వానికి హక్కు కలదని ముందే తెలుపవలెను. "నీకు బెయిలు ఇప్పిస్తాను" అని ఆశపెట్టి మాటలు రాబట్టుట దొంగతనముకంటె తక్కువది కాదు. పేర్లు మార్చి వ్రాయుట, నోటుపుస్తకమును హాస్టలు మంచము మీద వదలకుండుట చిన్న సంగతులుగా కనబడును గాని, ఒక కుటుంబపు పరువు వాటి మీద ఆధారపడి యున్నది.

పెద్దలకును అదియే. సెలవు ముగిసి అమ్మాయి ఇంటికి రాగానే, "ఎవరిని చూశావు, మన జిల్లా వాళ్లున్నారా, పేర్లేమిటి?" అని చుట్టుముట్టకుడి. ఆదివారమున ప్రార్థన మనవి అను పేరుతో ఒకని ఊరు, పేరు, కేసు సంఘమంతటికి వినిపించు అలవాటు మనకు కలదు. ఈ విషయములో అది వద్దు. కొన్నిరోజులు ఆమె ఎక్కువ మాటలాడకపోవచ్చును. విన్నవి బరువైనవి గదా! వేళకు అన్నము పెట్టి ఊరకుండుడి. ఆమె వ్రాసిన నివేదిక ఇంగ్లీషులో ఉండును గనుక, కుదుటపడిన తరువాత ఒక సాయంకాలము కూర్చుండి, పేర్లు లేకుండ, దానిలోని సంగతులు తెలుగులో చెప్పుమని అడుగుడి.