వండింది కాదు, తిన్నది చెప్పండి

కిందటేడు నల్గొండ జిల్లాలో ఒక ఊళ్ళో మహిళా సంఘం సమావేశానికి వెళ్ళాను. రక్తహీనత గురించి మాట్లాడాలి. ఉపన్యాసంతో మొదలుపెట్టడం ఇష్టంలేక, నిన్న రాత్రి ఎవరేం తిన్నారో చెప్పమన్నాను. "పప్పుచారు, ఆలుగడ్డ కూర అక్కా" అంది ఒకామె. "మా పిలగానికి గుడ్డు వేసిన. మా ఆయనకు షుగరు, రెండు జొన్నరొట్టెలు చేసిన" అంది మరొకామె. అక్కడున్న ఇరవై మందిలో దాదాపు అందరూ ఏం వండారో, ఎవరికేం పెట్టారో చెప్పారు. "అది సరే, నువ్వేం తిన్నావు?" అని మళ్ళీ అడిగితే నవ్వారు. "నాదేముంది, ఉన్నదేదో తిన్న." మూలన కూర్చున్న డెబ్భై ఏళ్ళ అవ్వ మాత్రం నవ్వలేదు. "ఈ వయసుల నాకు తిండి ముచ్చటేంది బిడ్డా" అంది.

వాళ్ళకు చైతన్యం లేదని నివేదికలో రాసి ఊరుకునేదాన్నేమో. కానీ అంతకు ఏడాది ముందే నాకు ఇలాంటి అనుభవం అయింది. బస్సు దిగుతూ మెట్టు జారి పడ్డాను, కుడి మణికట్టు విరిగింది. ఎక్స్‌రే చూసి డాక్టరు, "ఇంత చిన్న దెబ్బకు విరగకూడదమ్మా, ఎముకలు గుల్లబారాయి. రోజూ ఏం తింటారు?" అనడిగింది. "పొద్దున ఇడ్లీయో ఉప్మావో చేస్తానండీ, మధ్యాహ్నం పప్పు, ఏదో ఒక కూర చేస్తాను" అన్నాను. "చేసేది కాదు, మీరు తినేది చెప్పండి" అంది. నా దగ్గర జవాబు లేదు. ముప్పై ఏళ్ళుగా స్త్రీల ఆరోగ్యం గురించి ఊరూరా మాట్లాడుతున్నదాన్ని, నా కంచంలో ఏముంటోందో నాకే తెలియదు!

వయసుతో పాటు తిండి మీద, ఒంటి మీద మన వైఖరి మారుతుందంటారు. నిజమే, మారుతుంది. కానీ ఏ వయసులోనైనా మనం తినడానికి చూపించే కారణం మాత్రం ఎవరో ఒకరి కోసమే అయి ఉండటాన్ని మనం గుర్తించడం లేదు.

చిన్నప్పటి నుంచీ గుర్తు చేసుకోండి. పెద్దమనిషి అయినప్పుడు కొన్నాళ్ళపాటు చిమ్మిలి, మినప సున్నుండలు పెడతారు. నడుముకు బలం, రేపు కాన్పులకు మంచిదని. ఆ ముచ్చట తీరాక మళ్ళీ అన్నదమ్ముల తర్వాతే వంతు. కడుపుతో ఉన్నప్పుడు ఇరుగుపొరుగు కూడా చలిమిడి తెచ్చి పెడతారు. అది కడుపులో బిడ్డ కోసం. బాలింతగా కాయం, వెల్లుల్లి కారం. అది పాల కోసం. బిడ్డ అన్నం తినడం మొదలుపెట్టాక తల్లి గిన్నె అడుగు ఊడ్చుకుని తినే మనిషవుతుంది. అప్పటి నుంచి ఆమె తిండి గురించి అడిగేవాళ్ళుండరు. శనివారం ఉపవాసమనో, కార్తీక మాసమనో ఆమె తినకుండా ఉంటే మెచ్చుకునేవాళ్ళు మాత్రం ఉంటారు.

నేటి అమ్మాయిలు అలా లేరు కదా అనవచ్చు. నగరాల్లో హాస్టళ్ళలో ఉండి చదువుకునే అమ్మాయిలతో మాట్లాడి చూడండి. లావవుతామని పొద్దున టిఫిను మానేసేవాళ్ళు, రాత్రి ఒక పండుతో సరిపెట్టుకునేవాళ్ళు ఎందరో కనిపిస్తారు. ఒంటి మీద శ్రద్ధ పెరిగిన మాట నిజమే. కానీ అది చూసేవాళ్ళ కళ్ళకోసం పెరిగిన శ్రద్ధ. అమ్మమ్మను ఉపవాసం ఉండమన్నది ఆచారమైతే, మనవరాలిని ఉండమంటున్నది మార్కెట్టు.

యాభై దగ్గరకొచ్చాక చాలామందిలో మార్పు వస్తుంది. నడక మొదలుపెడతారు, ఉప్పు తగ్గిస్తారు, మందులు వేళకు వేసుకుంటారు. కారణం అడిగితే, "నేను మంచాన పడితే వీళ్ళకెవరు చేస్తారు?" అంటారు. ఇంకా పెద్దవాళ్ళయితే, "ఎవరికీ భారం కాకూడదు" అంటారు. మనల్ని మనం చూసుకోవడాన్ని కూడా సేవ ఖాతాలోనే రాసుకుంటున్నాం. అదీ డాక్టరు చెప్పాడన్న అనుమతి ఉంటేనే. మగవాడికి షుగరు వస్తే ఇంటి వంటే మారిపోతుంది. అదే షుగరు ఆమెకు వస్తే అందరికీ తెల్లన్నం వండి, తనకు విడిగా రెండు రొట్టెలు కాల్చుకోవడానికి మొహమాటపడుతుంది. కట్టెలో, గ్యాసో, టైమో వృథా అనుకుంటుంది. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పని చేసే మగవాళ్ళు వెచ్చించేది 88 నిమిషాలు. ఆ 289 నిమిషాల్లో తన రొట్టెకు పావుగంట లేదు.

ఇంట్లో ఉన్న ఈ చూపే ప్రభుత్వానికీ ఉంది. 1975లో ఐసీడీఎస్ మొదలైనప్పటి నుంచీ పోషకాహారానికి అర్హత గర్భిణికీ, బాలింతకే. 2013 ఆహార భద్రత చట్టం అంగన్‌వాడీ భోజనాన్ని హక్కుగా చేసింది, అది మంచిదే. కానీ ఆ హక్కు కాన్పయిన ఆరు నెలలకు ఆగిపోతుంది. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద అన్నం, పప్పు, గుడ్డు, పాలు అంగన్‌వాడీలోనే కూర్చుని తినే ఏర్పాటు చేశారు. ఇంటికిస్తే అందరూ పంచుకుంటారని ప్రభుత్వానికీ తెలుసు! బిడ్డకు ఏడో నెల రాగానే ఆ తల్లికి గుడ్డుతో పని లేదా? అదే చట్టం ఇంట్లో పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీలలో అందరికన్నా పెద్దామెను రేషన్ కార్డుకు యజమానిని చేసింది. కార్డు మీద మొదటి పేరు ఆమెది, కంచం ముందు ఆఖరి వంతు ఆమెది.

లెక్కల సంగతి కూడా చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత దేశం మొత్తం మీద 57 శాతం, తెలంగాణలో 57.6, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. అదే వయసు మగవాళ్ళలో దేశం మొత్తం మీద 25 శాతం. ఈ అంకెలు మనం ప్రతి సమావేశంలో చెబుతూనే ఉంటాం. నలభై తొమ్మిదేళ్ళ దగ్గర ఎందుకు ఆగాయని మాత్రం అడగలేదు. ఆ సర్వేలో బీపీ, షుగరు పదిహేనేళ్ళు దాటిన వాళ్ళందరికీ చూశారు, యాభై దాటినవాళ్ళకూ చూశారు. స్త్రీలలో రక్తహీనత మాత్రం కనే వయసు వాళ్ళకే చూశారు. 2018లో వచ్చిన రక్తహీనత నిర్మూలన కార్యక్రమంలోనూ పిల్లలు, కిశోర బాలబాలికలు, గర్భిణులు, బాలింతలు, కనే వయసు స్త్రీలు ఉన్నారు. కనడం అయిపోయిన స్త్రీ లేదు.

వయసు అందరికీ ఒకే లెక్కన రాదని కూడా గుర్తుంచుకోవాలి. గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ముందున్నాయి. ముప్పై అయిదేళ్ళకే ఆపరేషన్ అయి, దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే, ముట్లుడిగే దశ ఆ రోజే వచ్చేస్తుంది. ఎముకలు అప్పటి నుంచే బలహీనపడతాయి. ఆ మర్నాటి నుంచి ఏం తినాలో ఆ కూలి మనిషికి చెప్పినవాళ్ళెవరు? కొన్నాళ్ళు బరువులెత్తవద్దని చెప్పి పంపుతారు. ఎత్తకుండా ఉంటే కూలెవరిస్తారు?

హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు చూస్తే, పెద్దవయసు స్త్రీకి రోజుకు కనీసం 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. అంబలి, సంకటి, నువ్వులపొడి, ఆకుకూరలు, పాలు, గుడ్డు - ఇవేమీ మనకు కొత్త తిండి కాదు. కొర్రలు, సజ్జలు, జొన్నలు పేదల తిండని చిన్నచూపు చూసిన రోజుల్లో వాటితోనే బతికిన ముసలమ్మలు, ఇవాళ డాక్టరు అవే తినమంటే కొనలేకపోతున్నారు. జహీరాబాదు ప్రాంతంలో దళిత స్త్రీల సంఘాలు ఈ గింజలను కాపాడుకుని 2019లో అంతర్జాతీయ స్థాయిలో ఈక్వేటర్ బహుమతి అందుకున్నాయి. కానీ చాలా ఊళ్ళలో ఇప్పుడు చేను పత్తికి పోయింది, రేషన్‌లో వచ్చేది బియ్యం.

ఈ మాటలకు మనవాళ్ళలోనే అభ్యంతరాలున్నాయి. కూలి రేట్లు, భూమి, హింస ఇన్ని సమస్యలుండగా తిండి, వ్యాయామం మధ్యతరగతి విలాసాలు కావా అంటారు. నేనూ అలాగే అనేదాన్ని. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం రోజుల్లో మేం ఇరవైల్లో ఉన్నాం. టీ, బిస్కెట్లతో పూటలు గడిపి అదే నిబద్ధత అనుకునేవాళ్ళం. మాతో తిరిగే ఒక పెద్దామె ఎక్కడికెళ్ళినా సద్ది డబ్బా తెచ్చుకునేది. వేళకు చెట్టు కింద కూర్చుని తినేది. ఉద్యమానికి వచ్చిందా, వనభోజనానికి వచ్చిందా అని చాటుగా నవ్వుకున్నాం. ఆమె మాత్రం, "ఆకలిగా ఉన్నవాళ్ళు ఎక్కువ రోజులు కొట్లాడలేరమ్మా" అనేది. అప్పుడు ఎగతాళి చేసినవాళ్ళలో ఈ రోజు మోకాళ్ళు పట్టేసి సమావేశాలకు రాలేనివాళ్ళున్నారు. వాళ్ళు లేని లోటు సంఘానికి తెలుస్తోంది.

ఇంకో అభ్యంతరం బలమైనది. చేతిలో డబ్బు లేని మనిషికి పాలు తాగు, పండ్లు తిను అని చెప్పడం క్రూరత్వం కాదా? అవును. అందుకే దీన్ని సలహాగా కాక హక్కుగా మాట్లాడాలి. తమిళనాడులో 1983 నుంచి వృద్ధాప్య పింఛను పొందేవాళ్ళకు కూడా బడి మధ్యాహ్న భోజన కేంద్రాల్లో అన్నం పెట్టారు. ఒంటరి స్త్రీలకు, అరవై దాటినవాళ్ళకు మన అంగన్‌వాడీల్లో ఒక పూట భోజనం ఎందుకు ఉండకూడదు? రేషన్‌లో బియ్యంతో పాటు పప్పు, నూనె, చిరుధాన్యాలు అడగాలి. రక్తపరీక్షలకు నలభై తొమ్మిదేళ్ళ గీత చెరపమని అడగాలి. అంగన్‌వాడీ కార్యకర్తకు ఆ పనికి తగిన జీతం కూడా అదే నోటితో అడగాలి. లేకపోతే ఒక స్త్రీ కంచం నింపడానికి మరో స్త్రీ శ్రమను దోచుకున్నవాళ్ళమవుతాం.

ఇంట్లో కొట్లాట ఇంతకన్నా కష్టం. అక్కడ ఎదురుగా ఉండేది ఎప్పుడూ మగవాడే కాదు. ఒకప్పుడు పాల మీగడ మీద పెత్తనం చేసిన అత్త, ముసలితనంలో కోడలి చేతివైపు చూస్తుంది. పొయ్యి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు రెండోవాళ్ళ కంచం కొలుస్తారు. పితృస్వామ్యం మనచేత చేయించే పనుల్లో ఇదొకటి. వంట అందరి పని అయ్యేదాకా ఈ తగవు తీరదు. అందాకా కనీసం అందరూ కలిసి కూర్చుని, ఉన్నది ఒకేసారి పంచుకు తినడమైనా మొదలుపెట్టవచ్చు.

నల్గొండ సమావేశం ముగిసి అందరూ లేచాక అవ్వ నా పక్కనే కాసేపు కూర్చుంది. చిన్నప్పుడు సజ్జరొట్టె మీద నువ్వులపొడి, నూనె వేసుకుని తిన్న సంగతి చెప్పింది. ఇప్పుడూ తినాలనిపిస్తుందా అని అడిగాను. "తినబుద్ధయితది బిడ్డా. అడగబుద్ధి కాదు" అంది. వయసు పెరిగితే ఆకలి, రుచి చచ్చిపోతాయనుకుంటాం. చచ్చిపోయేది అడిగే ధైర్యం. ఆ ధైర్యం ఆమె పోగొట్టుకోలేదు, డెబ్భై ఏళ్ళపాటు అందరం కలిసి ఆమె దగ్గర్నుంచి తీసేసుకున్నాం.

ఈ పత్రిక చదివే మిత్రులకు ఒక విన్నపం. మీ తర్వాతి సమావేశంలో ఈ ప్రశ్న వేయండి: నిన్న నువ్వేం తిన్నావు? వండింది కాదు, తిన్నది. జవాబులు వయసులవారీగా రాసుకుని మాకు పంపండి. ప్రభుత్వం లెక్కించని వయసు స్త్రీల లెక్క మనమే తీద్దాం. అయితే ముందు మన జవాబు మనం చెప్పాలి. నా సంగతి చెబుతాను. నిన్న రాత్రి రాగి సంకటి, ఆకుకూర పప్పు, ఒక గుడ్డు. వేడిగా, అందరితో కలిసి కూర్చుని తిన్నాను. ఎందుకని అడిగితే ఇంకా కొంచెం తడుముకుంటున్నాను కానీ, నాకు ఆకలేసింది కాబట్టి అనడం నేర్చుకుంటున్నాను.