ముద్ర కొడితే పురుగు చస్తుందా?

“ఆయ్, ముద్రే కదండీ, కొట్టించేస్తే పోద్ది.”

ఈ వారం ఈ ఒక్క మాట నన్ను పట్టుకుని వదల్లేదు. అన్నవాడు మోసగాడేం కాదు. కోనసీమలో కొబ్బరి పొట్టును దిమ్మలుగా నొక్కించి విదేశాలకు పంపుకునే కుర్రాడు. అప్పు చేసి యంత్రాలు పెట్టుకున్నాడు, ఊళ్లో కొందరికి పని చూపిస్తున్నాడు. దిమ్మలు పేర్చడానికి చెక్క ప్యాలెట్లు కావాలని కొవ్వూరు వైపు ఒక సామిల్లుకు వచ్చి బేరమాడుతున్నాడు. ఆ మిల్లు ఎక్కడో, ఎవరిదో చెప్పను.

మిల్లాయన మూడు ధరలు చెప్పాడు. ఉత్త ప్యాలెట్టుకు ఒకటి. హీట్ ట్రీట్‌మెంట్ చేయించి, కాగితంతో సహా అప్పజెప్పితే ఒకటి. ఉత్త ప్యాలెట్టు మీదే ముద్ర వేసి ఇస్తే ఇంకొకటి. మూడో ధర రెండోదానికన్నా చాలా తక్కువ. కుర్రాడు క్షణం కూడా ఆలోచించకుండా మూడోదానికి తలూపాడు. ఇదేమిటయ్యా అని నేనంటే వచ్చిన జవాబే పైన రాసిన మాట.

ఆ ప్యాలెట్లు వంగి చూశాను. మామిడి చెక్క. రెండు పలకల అంచున బెరడు అరచేయంత వెడల్పున అలాగే అతుక్కుని ఉంది. ఒక దిమ్మలో చిటికెన వేలు దూరేంత బెజ్జం, దాని మూతి దగ్గర తడి ఆరని పొట్టు. మామిడి తోట ఉన్నవాళ్లకు ఆ బెజ్జం గురించి నేను చెప్పనక్కర్లేదు. కాండం తొలిచే పురుగు పని అది. ఇనుప తీగ పెట్టి లాగుతాం, కిరసనాయిల్లో ముంచిన దూది కుక్కుతాం, పైన బంకమట్టి మెత్తుతాం, అయినా కొన్ని చెట్లు దక్కవు. పొట్టు తడిగా ఉందంటే లోపల పురుగు బతికే ఉందని అర్థం. ఆ దిమ్మ పక్కనే గోధుమ కంకి బొమ్మ ముద్ర పడబోతోంది. ఇందులో పురుగు లేదు, వేడికి చచ్చింది, భారత ప్రభుత్వం హామీ అని ఆ ముద్రకు అర్థం.

ఎగుమతులు చేసేవాళ్లందరికీ ఈ ముద్ర తెలుసు. ఎందుకు పుట్టిందో మాత్రం పట్టదు. 1996లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో వీధి చెట్లకు ఉన్నట్టుండి బెజ్జాలు కనిపించాయి. ఆరా తీస్తే పొడుగు మీసాల నల్ల పెంకు పురుగు, ఒళ్లంతా తెల్ల మచ్చలు. చైనా నుంచి సరుకు వచ్చిన చెక్క పెట్టెల్లో దిగిందని తేలింది. 1998లో షికాగోలో కనిపించింది, 2008లో వూస్టర్ పట్టణంలో. అక్కడ 30 వేలకు పైగా చెట్లు కొట్టేయాల్సి వచ్చింది. 2002లో డెట్రాయిట్ దగ్గర పచ్చటి మెరుపు పురుగు ఇంకొకటి బయటపడింది. అది కూడా ప్యాకింగ్ చెక్కలోనే వచ్చి ఉంటుందని శాస్త్రవేత్తలు అంటారు. అక్కడి యాష్ చెట్లను అది కోట్ల లెక్కన తినేసింది, ఇప్పటికీ తింటూనే ఉంది. 1999లో పోర్చుగల్ పైన్ అడవుల్లో కంటికి కనపడని నులిపురుగు దిగింది.

ఇలాంటి పురుగుల దాడులు మొదలయ్యాకే 2002లో అంతర్జాతీయ మొక్కల సంరక్షణ ఒప్పందం కింద ఐఎస్‌పీఎం-15 అనే ప్రమాణం వచ్చింది. అది అడిగేది పెద్ద కష్టమైన పనేం కాదు. బెరడు తీసేయాలి. మిగిలిన ముక్క 3 సెంటీమీటర్ల కన్నా వెడల్పు ఉండకూడదు, ఉంటే దాని వైశాల్యం 50 చదరపు సెంటీమీటర్లకు లోపే ఉండాలి. చెక్కను వేడి గదిలో పెట్టి, నట్టనడుమ 56 డిగ్రీల వేడి 30 నిమిషాల పాటు ఎడతెగకుండా నిలపాలి. గదిలో వేడి 56 ఉంటే చాలదు. అన్నిటికన్నా మందమైన దిమ్మకు బెజ్జం వేసి, లోపల సెన్సర్ దూర్చి, అక్కడ 56 చూపించాలి. ఆ అరగంట గీత చార్టు మీద పడాలి. అప్పుడే కంకి బొమ్మ, దేశం గుర్తు, చేసినవాడి నంబరు, చేసిన పద్ధతి గుర్తు వేయాలి. ప్లైవుడ్‌కు ఇదేదీ అక్కర్లేదు, తయారీలోనే వేడి తగులుతుంది. 6 మిల్లీమీటర్ల లోపు పల్చటి చెక్కకూ అక్కర్లేదు.

“ఇదంతా ధనిక దేశాలు మనల్ని తొక్కడానికి పెట్టిన ఎత్తు” అనే వాదన నేను చాలామంది దగ్గర విన్నాను, చదువుకున్నవాళ్ల దగ్గర కూడా. ఈ వాదన నాకు మింగుడు పడదు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు కింద మన దేశం కూడా మనకొచ్చే సరుకు మీద ఇదే ముద్ర అడుగుతోంది. అడగాలి కూడా. మనం అడిగితే రక్షణ, వాళ్లు అడిగితే కుట్ర ఎలా అవుతుంది?

మన చీమకుర్తి సంగతే తీసుకోండి. అక్కడి గెలాక్సీ గ్రానైట్ పేరు ప్రపంచమంతా తెలుసు. రాయిని పురుగు తినదు, రాతికి రోగం రాదు. కానీ పలకలుగా కోసి పంపేటప్పుడు ఆ బరువును మోసేది చెక్క చట్రమే. 2012లో ఇంగ్లండ్‌లోని కెంట్ జిల్లా పాడక్ వుడ్‌లో ఆ మచ్చల పురుగే దొరికింది. ఆరా తీస్తే పక్కనే విదేశీ రాయి దిగుమతి చేసుకునే చోటు ఉంది, రాతితో వచ్చిన చెక్కలోంచే ఎగిరి చెట్లెక్కి ఉంటుందని అనుమానించారు. ఆ మరుసటి ఏడాదే ఐరోపా సమాఖ్య చైనా రాతి సరుకుల చెక్కను ప్రత్యేకంగా తనిఖీ చేయాలని ఆదేశం ఇచ్చింది. కొందరి నిర్లక్ష్యానికి ఆ దేశపు రాయి మొత్తం అనుమానాల జాబితాకెక్కింది. రేపు ఒక దొంగ ముద్ర ప్యాలెట్టులో మన మామిడి పురుగు పట్టుబడిందనుకోండి. చీమకుర్తి గ్రానైటైనా కోనసీమ కొబ్బరి పొట్టైనా, సక్రమంగా చేసినవాడి సరుకు కూడా రేవులో ఆగిపోతుంది. అమెరికాలో ఇదివరకు ఏడాదిలో 5 తప్పులు నమోదైతేనే జరిమానా పడేది. 2017 నవంబర్ 1 నుంచి మొదటి తప్పుకే వేస్తున్నారు. అక్కడే ట్రీట్‌మెంట్ చేయించుకుంటామంటే వినరు, చెక్కను వెనక్కి పట్టుకెళ్లాల్సిందే. రానూ పోనూ కిరాయి, అక్కడ నిలబెట్టిన రోజుల అద్దె, పోయిన కొనుగోలుదారు, అన్నీ ఆ కుర్రాడి నెత్తినే పడతాయి. మిల్లాయనకు తక్కువ ధర కట్టి మిగుల్చుకున్న సొమ్ము దాని ముందు ఏపాటిది?

నిజానికి నా కోపం అంతా ఈ జరిమానాల గురించి కాదు. పరాయి పురుగు వస్తే ఏమవుతుందో ప్రపంచంలో అందరికన్నా బాగా తెలియాల్సింది మన గోదావరి జిల్లాల వాళ్లకే. సర్పిలాకార తెల్లదోమను అప్పుడే మరిచిపోయామా? మధ్య అమెరికాది అది. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో మొదట కనిపించింది. చూస్తుండగానే కడియం నర్సరీల్లో తేలింది. అక్కణ్నుంచి కోనసీమ కొబ్బరి, మెట్టలో ఆయిల్‌పామ్, లంకల్లో అరటి, ఏదీ వదల్లేదు. ఆకు అడుగున తెల్లటి మైనపు సుడులు, కింది ఆకుల మీద జిగురు, జిగురు మీద మసి. పచ్చటి కొబ్బరి తోట పొగ గొట్టం కింద పెంచినట్టు నల్లగా మారిపోయింది. అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం వాళ్లు మేలు చేసే శిలీంధ్రాన్ని, మిత్ర పురుగులను పెంచి రైతులకిస్తూ ఏళ్ల తరబడి దానితో కుస్తీ పడుతున్నారు. 2021లో మిరపకు తగిలిన నల్ల తామర పురుగు కథ ఇంకోటి. గుంటూరులో రైతులు కాపు మీదున్న పైరును దున్నేశారు. అదీ బయటి పురుగే.

తెల్లదోమ చెక్క పెట్టెలో రాలేదు, మొక్కలతో పాటు వచ్చి ఉంటుందనే నిపుణుల అనుమానం. కానీ రెండు దారులకూ కాపలా ఒక్కటే, ఆ కాపలా మన దగ్గర లేదు. కడియానికి వేరే రాష్ట్రాల నుంచి, విదేశాల నుంచి మొక్కలు దిగుతాయి, అక్కణ్నుంచి దేశమంతా లారీలు వెళ్తాయి. ఆ లారీలో మొక్క ఆకు తిప్పి చూసే మనిషి ఏ చెక్‌పోస్టులోనైనా ఉన్నాడా? ఇసుక లారీని ఆపుతారు, ధాన్యం లారీని ఆపుతారు, మొక్కల లారీని ఆపి అడుగు ఆకు చూసినవాళ్లను నేనైతే చూడలేదు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. కొవ్వూరు గోష్పాద క్షేత్రం దగ్గర, రాజమండ్రి ఘాట్ల వెంబడి సుందరీకరణ పేరుతో లారీల కొద్దీ మొక్కలు దింపుతారు. వాటిని నాటే ముందు పరీక్షించాలని ఉద్యాన శాఖ ఇప్పుడే గట్టిగా అడగాలి. పుష్కరాలయ్యాక ఆ మొక్కలు ఎటూ పోవు. పక్కనున్న లంక అరటికి, గట్టు మీది కొబ్బరికి అంటించాల్సింది అంటిస్తాయి.

చట్టం చూస్తే ఇంకా ఒళ్లు మండుతుంది. ఈ దేశంలో మొక్కల క్వారంటైన్‌కు ఇప్పటికీ ఆధారం 1914 నాటి వినాశకర కీటకాలు, చీడల చట్టమే. బ్రిటిష్‌వాళ్లు రాసింది. దాని స్థానంలో 2013లో వ్యవసాయ జీవ భద్రత బిల్లును లోక్‌సభలో పెట్టారు. పంటలు, పశువులు, చేపలు, అన్నిటి చీడపీడలకూ ఒకే సంస్థ ఉండాలన్నది దాని ఉద్దేశం. ఆ సభ గడువు తీరడంతో బిల్లూ మురిగిపోయింది. ఆ తర్వాతే తెల్లదోమ వచ్చింది, మొక్కజొన్నకు కత్తెర పురుగు వచ్చింది, నల్ల తామర పురుగు వచ్చింది. మన జిల్లాల నుంచి వెళ్లిన ఏ పార్టీ ఎంపీ అయినా ఆ బిల్లు సంగతేమిటని సభలో పట్టుబట్టారా? కొబ్బరి రైతు ఓట్లు అడిగేవాళ్లంతా దీనికి జవాబు చెప్పాలి.

ముద్ర సంగతికి వస్తాను. వేడి గది దూరమైనప్పుడు కొందరు మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టిస్తారు. ఆ పద్ధతికీ ప్రమాణంలో చోటుంది: 21 డిగ్రీల వాతావరణంలో ఘనపు మీటరుకు 48 గ్రాములు, 24 గంటలు. రంగు లేదు, వాసన లేదు, పీల్చినవాడి నరాలను దెబ్బతీస్తుంది. ఓజోన్ పొరను తినేస్తుందని మాంట్రియల్ ఒప్పందం కింద మిగతా వాడకాలు ఆపించి, క్వారంటైన్ పనికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఐరోపా సమాఖ్య 2010 నుంచే తన గడ్డ మీద వాడకం మానేసింది. ఆ టార్పాలిన్ కప్పేదీ తీసేదీ మన కూలీలే. మాస్కు లేకుండా పట్టా లాగే కూలీ ప్రాణం ప్యాలెట్టు ధరలో ఎక్కడ కలిసింది? నన్నడిగితే ఈ పద్ధతినే మానుకోవాలి, వేడి పద్ధతి ఒక్కటే నిలబెట్టుకోవాలి.

వేడికి మన దగ్గర కరువా? గోదావరికి రెండు వైపులా బాయిల్డ్ రైస్ మిల్లులున్నాయి, ఊక మండించి ఆవిరి పుట్టిస్తున్నాయి. 56 డిగ్రీలంటే ఆ ఆవిరికి లెక్కే కాదు. ఒక మిల్లు పక్కన బిగుతైన గది, లోపల ఫ్యాన్లు, సెన్సర్లు, చార్టు రాసే యంత్రం ఉంటే సరిపోతుంది. ఫరీదాబాద్‌లోని మొక్కల సంరక్షణ డైరెక్టరేట్ తనిఖీ చేసి గుర్తింపు నంబరు ఇస్తుంది. కొవ్వూరు, నిడదవోలు సామిల్లుల వాళ్లు తలో చెయ్యి వేసి సంఘంగా ఒక్క గది పెట్టుకుంటే చిన్న మిల్లుకు కూడా నిజమైన ముద్ర అందుబాటు ధరలో దొరుకుతుంది. మూడో ధర దానంతటదే మాయమవుతుంది. పరిశ్రమల శాఖ చిన్న యూనిట్లకిచ్చే రాయితీల్లో దీనికి చోటు పెట్టడం కష్టమేమీ కాదు.

అది వచ్చేదాకా, ప్యాలెట్లు కొనబోయేవాళ్లు ముద్ర చూసి డబ్బు కట్టొద్దు. ఆ విడత చెక్కను వేడి చేసిన చార్టు అడగండి. అందులో తేదీ చూడండి, 56 డిగ్రీల గీత 30 నిమిషాలు నిలబడిందో లేదో చూడండి. నంబరు ఎవరి పేరు మీదుందో అడగండి. ప్యాలెట్టు తిరగేసి బెరడు చూడండి. చార్టు లేదంటే అడ్వాన్సు వెనక్కి తీసుకుని ఇంకో మిల్లుకు వెళ్లండి. ఆ కుర్రాడికీ ఇదే చెప్పాను, ఇంకా తేల్చుకోలేదు.