వైట్‌బోర్డు మీద ఒక అంకె

‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ అనే అమెరికన్ టీవీ ధారావాహికలో ‘33’ అనే ఎపిసోడ్ ఉంది. 2004లో బ్రిటన్‌లో, 2005 జనవరిలో అమెరికాలో ప్రసారమైంది. సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో పురస్కారం 2005లో దీనికి దక్కింది. మనుషులు తయారుచేసిన యంత్రాలే తిరగబడి వారి 12 లోకాలనూ అణుబాంబులతో బూడిద చేస్తాయి. మిగిలింది 50 వేల మంది. అంతరిక్ష నౌకల్లో పారిపోతున్న ఆ కొద్దిమందిని శత్రువు ప్రతి 33 నిమిషాలకు ఒకసారి వెంటాడి పట్టుకుంటున్నాడు. అయిదు రోజులకు పైగా ఎవరికీ కంటిమీద కునుకు లేదు.

బతికున్నవారి సంఖ్యను అధ్యక్షురాలు లారా రోజ్లిన్ ఒక వైట్‌బోర్డు మీద రాసి ఉంచుతుంది. కథ మొదట్లో అది 50,298. ఎవరు పోయినా తుడిచి తగ్గించి రాస్తుంది. దేశం లేదు, రాజధాని లేదు, ఖజానా లేదు. ఆమె పరిపాలనకు మిగిలింది ఆ అంకె ఒక్కటే.

ఇంతలో 1,345 మంది ఉన్న ‘ఒలింపిక్ క్యారియర్’ అనే ఓడ తప్పిపోయి, కొన్ని గంటలకు తిరిగొస్తుంది. శత్రువు దాని ఆధారంగానే తమ జాడ పసిగడుతున్నాడన్న అనుమానం బలపడుతుంది. ఆగమంటే ఆగదు. అందులో అణ్వాయుధం ఉన్నట్టు పరికరాలు చూపుతాయి. చివరికి దాన్ని కూల్చేయమని ఆజ్ఞ వెలువడుతుంది. లోపల మనుషులున్నారో లేదో తేలకుండానే పైలట్లు కాల్చేస్తారు.

జనమంతా నశించడం కన్నా ఒక మనిషి చావడం మేలని ప్రధాన యాజకుడు కయప కూడా లెక్క వేశాడు (యోహాను 11:50). లెక్క అదేనా? మనకలా అనిపించలేదు. కయప తన పదవిని కాపాడుకోవడానికి ఆ మాటన్నాడు. పిలాతైతే నీళ్లు తెప్పించి అందరి ముందూ చేతులు కడుక్కున్నాడు (మత్తయి 27:24). ఇక్కడ ఆజ్ఞ ఇచ్చిన సేనాధిపతి, నేరం నాదంటాడు. తుపాకీ మీట నొక్కిన అతని కొడుకు, నొక్కింది నేను కాబట్టి అది నాదేనంటాడు. ఇద్దరిలో ఒక్కరూ నీళ్లు అడగలేదు. వారు చేసింది సరైనదేనని మనం చెప్పలేం. ఆ ఎపిసోడ్ కూడా చెప్పదు. చెప్పకపోవడమే దాని నిజాయితీ.

అందులోనే బాల్టర్ అనే శాస్త్రవేత్త ఉన్నాడు. తన ద్రోహం తెలిసినవాడు ఆ ఓడలో ఉన్నాడని వణికిపోతూ, పశ్చాత్తాపపడుతున్నానని దేవుడికి గబగబా చెప్పేస్తాడు. ఆ వెంటనే ఓడను కూల్చే ఆజ్ఞ వస్తుంది, అతనికి ప్రాణం లేచొస్తుంది. 1,345 మంది చావును తన ప్రార్థనకు జవాబు అనుకునే పశ్చాత్తాపం అది! (ఆ కథలో ఒకే దేవుణ్ణి నమ్మేది యంత్రాలు, పలు దేవతలను కొలిచేది మనుషులు. దాన్ని మన సిద్ధాంతాలతో ముడిపెట్టుకోనక్కర్లేదు.) అతని మీద మనం కోపపడొచ్చు గానీ, పరీక్షల ముందు, ఆపరేషన్ థియేటర్ బయట, అప్పులవాడు తలుపు తట్టినప్పుడు మనం చేసిన పశ్చాత్తాపాల్లో ఇలాంటివి ఎన్ని లేవు?

మనసు మళ్లీ ఆ బోర్డు దగ్గరికే పోతోంది. నూరు గొర్రెలున్న కాపరికి ఒకటి తప్పిపోయిందని తెలిసిందంటే, చీకటిపడ్డాక అతను లెక్కపెట్టాడన్నమాట (లూకా 15:4). మన సంఘాల్లో కానుకల లెక్క ఆదివారం మధ్యాహ్నానికల్లా పైసలతో సహా తేలిపోతుంది. మూడు వారాలుగా వెనక బెంచీలో కనబడని వృద్ధురాలి సంగతి మాత్రం ఆమె కూతురు భూస్థాపనకు పిలవడానికొచ్చినప్పుడు తెలుస్తుంది. రిజిస్టరులో పేరు కొట్టేయడానికి మనకు అర నిమిషం చాలు.

రోజ్లిన్‌కు అలా చాలదు. తుడిచిన ప్రతిసారీ ఆమె చేయి బరువెక్కుతుంది. ఎపిసోడ్ చివర్లో సహాయకుడు బిల్లీ వచ్చి, ‘రైజింగ్ స్టార్’ అనే ఓడలో మగబిడ్డ పుట్టాడని చెబుతాడు. అప్పటికి బోర్డు మీద 47,972 ఉంది. ఆమె లేచి వెళ్లి చివరి అంకెను తుడిచి, 3 వేస్తుంది.