మా వదిన ఎస్టీ కాదా?

కొంచెం పెద్ద పోస్టే. ఓపిక చేసి చివరిదాకా చదవండి.

మొన్న ఆదివారం ఇక్కడ ఒక ఫోటో తిరిగింది. హైదరాబాద్‌లో ఏదో మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర చీర కట్టుకుని నవ్వుతూ నిలబడ్డ ఫోటో. కింద "మన ఏజెన్సీ కుర్రోడే, పట్నం పోయి ఏటయిపోయాడో చూడండి" అని రాశారు. నలభై దాటి నవ్వు బొమ్మలు పడ్డాయి. కూర్చుని లెక్కపెట్టాను. ఆ ఫోటోలో ఉన్నది మా మేనమామ పెద్దబిడ్డ. అడ్మిన్ అన్న గంటలోనే తీసేశాడు, థాంక్స్ అన్నా. కానీ తీసేశాక వచ్చిన మాటలకి ఎవరూ జవాబు చెప్పలేదు. ఒకరు "ఇది మన సంస్కృతి కాదు" అన్నారు. ఒకరు "పట్నం గాలి" అన్నారు. ఇంకొకరు "ఇలాంటోళ్ళకి ఇంకా ఎస్టీ సర్టిఫికెట్ ఎందుకు" అన్నారు. ఆ మూడో మాట చదివాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో కింద చెప్తాను.

పేరు రాయను. పేరొక్కటీ వద్దంది, మిగతాదంతా రాయమంది. చిన్నప్పటి నుంచి నేను తనని బావా అని పిలిచాను. మా ఇద్దరికీ ముడిపెట్టేస్తే భూమి ఎక్కడికీ పోదని అత్త సరదాకి అంటుండేది. ఇప్పుడు వదినా అంటున్నాను. మొదటిసారి ఫోన్‌లో అలా పిలిచినప్పుడు అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత "అయితే మా అమ్మకి కోడలు పోయినట్టే" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చిందని నాకు తెలుసు. ఆ ఒక్క పిలుపు మార్చుకోడానికి నాకు రెండేళ్ళు పట్టింది. కాబట్టి ఫోటోకి నవ్విన వాళ్ళ మీద నాకు పెద్ద కోపం లేదు. నేనూ అక్కడి నుంచే వచ్చాను.

"పట్నం గాలి" అన్నవాళ్ళకి ముందు చెప్తాను. ఆ గాలి తగిలింది పట్నంలో కాదు, ఆరో తరగతిలో. ఆశ్రమ పాఠశాలలో చదివిన వాళ్ళందరికీ ఆ హాలు గుర్తుండే ఉంటాది. వరసగా ట్రంకు పెట్టెలు, పక్కపక్కనే పడకలు, స్నానానికి బయట కుళాయి. అందరికంటే ముందు స్నానం అయిపోవాలని మా వదిన పొద్దున్న నాలుగింటికే లేచేది. చలికాలం ఏజెన్సీలో నాలుగింటికి చన్నీళ్ళు ఎలా ఉంటాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. నడక చూసి పెట్టిన పేరు "తేడా". పిల్లలే కాదు, ఒకరిద్దరు సార్లు కూడా హాజరు తీసుకుంటూ ఆ పేరే అనేవారట. రాత్రిళ్ళు పెద్ద క్లాసుల వాళ్ళు ఏం చేసేవారో నాకు పూర్తిగా చెప్పలేదు. నేనూ అడగలేదు. టెన్త్‌లో 8.7 వచ్చింది. ఇంటర్‌కి మళ్ళీ అబ్బాయిల గురుకులంలోనే సీటు వచ్చింది. రెండు నెలలకి పెట్టె నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చీసింది. మామ కొట్టాడు. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. ఆ ఏడు కాఫీ తోటలో కూలికి వెళ్ళింది.

ఇక్కడ మనం ఒక విషయం ఆలోచించాలి. టౌన్‌లో ఇలాంటి పిల్ల ఉంటే సాయంత్రానికి ఇంటికైనా వస్తుంది, తలుపు వేసుకుంటుంది. మన పిల్లలకి చదువంటే హాస్టలే. అబ్బాయిల హాస్టల్, లేకపోతే అమ్మాయిల హాస్టల్. ఇరవై నాలుగ్గంటలూ అక్కడే. అందులో ఇమడలేని పిల్లకి చదువు మానేయడం ఒకటే దారి. మనం డ్రాపౌట్ల గురించి ఎన్ని మీటింగులు పెట్టుకున్నాం! రోడ్డు లేదు, టీచర్ లేడు, రక్తహీనత, బాల్యవివాహం, అన్నీ మాట్లాడాం. ఈ మాట ఎవరమైనా ఒక్కసారి ఎత్తామా? నేనూ ఎత్తలేదు.

"మన సంస్కృతి కాదు" అనే మాటకి కొందరు "పూర్వం మన తెగల్లో అందరికీ చోటుండేది" అని తియ్యగా జవాబిస్తారు. నాకు దాని మీద కూడా నమ్మకం తక్కువ. మా ఊళ్ళో చోటు ఉంటే మా వదిన పోదు. నాకు తెలిసిన లెక్క ఒకటి చెప్తాను. 2011 జనాభా లెక్కల్లో మొదటిసారి ఆడ, మగ కాకుండా "ఇతరులు" అని రాసుకున్నారు. దేశం మొత్తం మీద 4,87,803 మంది తేలారు. అందులో 33,293 మంది ఎస్టీలు. మొత్తం మీద మూడింట రెండు వంతుల మంది ఉన్నది పల్లెల్లో. అప్పట్లో ధైర్యం చేసి చెప్పినవాళ్ళే అంతమంది. వీళ్ళంతా మెట్రో ఎక్కి మారిపోయారా?

ఇంకో సంగతి. 1871లో బ్రిటిష్ వాళ్ళు చేసిన నేరస్థ తెగల చట్టం గురించి మన స్టడీ సర్కిల్‌లో రెండుసార్లు చదువుకున్నాం. తెగకి తెగనే పుట్టుకతో నేరస్థులని రాసుకోవడం, పోలీసు స్టేషన్‌లో హాజరు వేయించడం, పాసు లేకుండా ఊరు దాటనివ్వకపోవడం. 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చి ఎరుకల వాళ్ళని స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. మనం చదివింది ఆ చట్టం మొదటి భాగం. దానికి రెండో భాగం ఉంది, అది హిజ్రాల మీద. వాళ్ళ పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించడం, ఆడవాళ్ళ బట్టల్లో బయట కనిపిస్తే పట్టుకోవడం, దత్తత తీసుకోకూడదు, వీలునామా రాయకూడదు అనడం. ఒకే పుస్తకంలో ముందు పేజీల్లో తెగలు, వెనక పేజీల్లో వాళ్ళు. స్టడీ సర్కిల్‌లో మనం సగం పుస్తకం చదివి మూసేశాం.

ఇప్పుడు హైదరాబాద్. అక్కడ అంతా బాగుంటుందని నేను అనను, మా వదిన కూడా అనదు. వైజాగ్‌లో డిగ్రీ రెండో ఏడు మధ్యలో వదిలేసి రాత్రి రైలెక్కినప్పుడు చేతిలో ఉన్నది పదకొండు వందలు. మొదట ఒక హిజ్రా కుటుంబంలో ఉంది. గురువు అన్నం పెట్టింది, చీర కట్టుకోవడం నేర్పింది, దుకాణాల దగ్గర చెయ్యి చాపించింది కూడా. ఆ ఆరు నెలల గురించి మంచీ చెప్పదు, చెడ్డా చెప్పదు. బయటకొచ్చి గది వెతుక్కుంటే మూడు ఇళ్ళ వాళ్ళు అడ్వాన్సు తీసుకోడానికి ఒప్పుకుని మనిషిని చూసి లేదన్నారు. నాలుగో ఇల్లు ఒక ముసలావిడది. కరెంటు బిల్లు టైముకి కట్టు, మిగతాది నాకనవసరం అందట. ఇప్పటికీ అక్కడే ఉంటోంది. ఒక ఆఫీసులో కంప్యూటర్ మీద బిల్లులు ఎక్కించే పని. పొద్దున్న లేచి తలుపు వేసుకుని తీరిగ్గా స్నానం చేస్తానని చెప్పింది. నగరం తనకేమిచ్చిందని అడిగితే మొదట చెప్పింది ఇదే.

తనలాంటి వాళ్ళు అక్కడ కనపడతారు, అదొక ధైర్యం. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అని ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. వాళ్ళలో ప్రాచీ ఎంబీబీఎస్ చదివింది ఆదిలాబాద్ రిమ్స్‌లో. 2024 డిసెంబర్‌లో 39 మంది ట్రాన్స్‌జెండర్లని ట్రాఫిక్ పనిలోకి తీసుకున్నారు. సిగ్నల్ దగ్గర చెయ్యి చాపే చోటే చెయ్యెత్తి బళ్ళు ఆపుతుంటే చూసి మా వదిన వీడియో తీసి పంపింది.

అలాగని ఆ నగరం పుట్టుకతో మంచిది కాదు. ఆడవాళ్ళ బట్టలు కట్టుకుని వీధిలో కనపడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చని 1919లో నిజాం రాజ్యంలో చట్టం ఉంది. మన 1871 చట్టం వెనక పేజీల లాంటిదే. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జూలైలో! వైజయంతి వసంత మొగ్లి లాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరిగితే పోయింది. నారాయణగూడలో ట్రాన్స్ వాళ్ళ కోసమే 2021లో క్లినిక్ పెట్టారు. అమెరికా డబ్బుతో నడిచేది. అక్కడ కొత్త ప్రభుత్వం వచ్చి ఆ సాయం ఆపేస్తే 2025 మొదట్లో మూతపడింది, తర్వాత టాటా ట్రస్టు సాయంతో పేరు మార్చి తెరిచారు. ఆ మధ్య నెలల్లో మందుల కోసం తిరిగిన తిరుగుడు మా వదిన చెప్తుంటే వినలేకపోయాను. చేతిలోకి వచ్చింది ఎప్పుడు జారిపోతుందో తెలీదు.

ఇక సర్టిఫికెట్ సంగతి.

2019 ట్రాన్స్‌జెండర్ చట్టం కింద 2020లో నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం అప్పట్లో ఏడాదిగా ఉంటున్న జిల్లా కలెక్టర్‌కి అఫిడవిట్‌తో అప్లై చేసుకుంటే గుర్తింపు కార్డు ఇచ్చేవారు. ఆ కార్డు చూపిస్తే మిగతా కాగితాల్లో పేరు, ఫోటో మార్చాలి. ఏ కాగితాలు అన్న జాబితా వెనక ఉంటుంది, అందులో కుల, తెగ సర్టిఫికెట్ కూడా ఉంది. మా వదినకి హైదరాబాద్‌లో కార్డు వచ్చింది. ఆధార్ మారింది, బ్యాంకు పాస్‌బుక్ మారింది. ఎస్టీ సర్టిఫికెట్ మాత్రం పాత పేరు మీదే ఉంది. అది ఇవ్వాల్సింది మన దగ్గర, మన విచారణ మీద.

విచారణకి మనిషి ఊరికి వచ్చాడు. రచ్చబండ దగ్గర నలుగురు పెద్దలున్నారు. "ఈ పేరు గల ఆడమనిషి మీ ఊరిదేనా?" అని అడిగాడు. "అలాంటి వాళ్ళు ఎవరూ లేరు" అన్నారు. మామ అక్కడే ఉన్నాడు. మాట్లాడలేదు. మా నాన్న కూడా అక్కడే ఉన్నాడు, ఆ మాట కూడా రాయాలి కదా. కాగితం అలాగే వెనక్కి వెళ్ళిపోయింది.

ఎస్టీ కాదని వాళ్ళెవరూ అనలేదు. మనిషే లేదన్నారు.

"ఇలాంటోళ్ళకి రెండు రిజర్వేషన్లా" అని అడిగిన తమ్ముడికి ఒక మాట. రెండు కాదు నాయనా, ఉన్న ఒక్కటే సగం అయింది. ఆంధ్రా ఎస్టీ తెలంగాణకి పోతే అక్కడి రాష్ట్ర ఉద్యోగాల్లో ఎస్టీ కాదు. ఒక రాష్ట్రం ఎస్టీ హోదా ఇంకో రాష్ట్రానికి రాదని సుప్రీంకోర్టు 2018లో మళ్ళీ చెప్పింది. కేంద్ర ఉద్యోగాలకి మాత్రమే పనికొస్తుంది. వదిన రైల్వే పరీక్షకి చదువుతోంది, ఆ సర్టిఫికెట్ అందుకే కావాలి. ఆధార్‌లో ఒక పేరు, తెగ కాగితంలో ఒక పేరు ఉంటే వెరిఫికేషన్‌లో ఆపేస్తారు. ట్రాన్స్‌జెండర్లని కొన్ని రాష్ట్రాల్లో బీసీ జాబితాలో పెట్టారు, మధ్యప్రదేశ్ అలాగే చేసింది. అలా అయితే మన పిల్ల ఎస్టీ వదులుకుని బీసీ అవ్వాలి. కర్ణాటక 2021లో చేసింది నయం. అక్కడ ఎస్టీలో ఎస్టీగానే ఉంచి, ప్రతి కేటగిరీ లోపల ఒక శాతం ఇచ్చారు. మన సంఘాలు అడగాల్సింది అదీ. మెమొరాండాల్లో ఇరవై డిమాండ్లు రాస్తాం కదా, ఇరవై ఒకటోది ఇది రాయండి.

భూమి గురించి కూడా గొణుగుతున్నారు. ఆడమనిషినని కాగితం తెచ్చుకుంటే మామ పొలంలో వాటా ఏమవుద్దని. హిందూ వారసత్వ చట్టం మనకి వర్తించదు, మా ఊరి ఆచారంలో కొడుకులకే. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఒక గోండు కుటుంబం కేసులో ఆడబిడ్డల వారసులకి సమాన వాటా ఇచ్చింది కానీ మన ఊళ్ళలో ఆ మాట ఎంత దూరం వచ్చిందో మనకి తెలుసు. వదినని అడిగితే "నాకు సెంటు భూమి వద్దు, పేరు ఉంటే చాలు" అంది. ఈ విషయంలో వదినతో నాకు గొడవ. ఎందుకు వద్దు? కొడుకనుకున్నప్పుడు రెండెకరాలు, కూతురయ్యేసరికి సున్నా అయితే ఇంట్లో మిగతా ఆడపిల్లలం మేం ఏం అర్థం చేసుకోవాలి?

నేను అడిగేది ఎక్కువేం కాదు. మళ్ళీ విచారణకి వచ్చినప్పుడు మన గ్రూపు వాళ్ళు నలుగురు రచ్చబండ దగ్గర ఉండండి. ఫలానా ఆయన బిడ్డ, మాతో చదువుకుంది, మా తెగే అని చెప్పండి. మా క్లాస్‌మేట్లు ముగ్గురు ఈ గ్రూపులోనే ఉన్నారు, పేర్లు రాయను, మీకు తెలుసు. మా నాన్నతో నేను మాట్లాడాను. మాట ఇవ్వలేదు, లేచి వెళ్ళిపోనూ లేదు.

చైత్రంలో ఇటుకల పండక్కి వస్తానంటోంది వదిన. పోయినసారి కూడా వచ్చింది. మగవాళ్ళు వేటకి పోయారు, ఆడవాళ్ళం రోడ్డుకి కర్ర అడ్డం పెట్టి బళ్ళు ఆపి పండగ డబ్బులు అడిగాం. తను రెండింటికీ పోలేక మూడు రోజులూ ఇంట్లో తలుపు వేసుకుని కూర్చుంది. అత్త బియ్యం చెరుగుతూ గడప దగ్గరే కూర్చుంది, లోపలికి ఎవరూ రాకుండా.

ఈసారి కర్రకి ఒక కొస నేను పట్టుకుంటాను. రెండో కొస వదిన పట్టుకుంటాది. మీ బళ్ళు ఆ దారినే వస్తే ఆపుతాం. చిల్లర తెచ్చుకోండి.